ఆయన చేతులు, ఎవరిదో గొంతు

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయనకి నోరు ఊరుకునేది కాదు. స్క్రూ విప్పుతూ మాట్లాడేవాడు, నూనె చుక్క వేస్తూ మాట్లాడేవాడు. "మిషను కూడా ఇంటి ఇల్లాలి లాంటిదే. ఏమీ పట్టించుకోకుండా పని మాత్రం చేయించుకుంటే అరవదూ మరి?" అని తనే నవ్వుకునేవాడు.

చివరి నాలుగేళ్లూ ఆ మాటలన్నీ ఫోన్లోకి ఎక్కాయి. షాపంటే ఇంటి ముందుగదే. భార్య పొయ్యి మీదది దించి, చెయ్యి తుడుచుకుని వచ్చి ఫోన్ పట్టుకునేది. ఆయన బాబిన్ విప్పి చూపించేవాడు. ఆవిడకి చదువు అంతంత మాత్రం, ఫోన్ పట్టుకోవడం ఇంకా అంతంత మాత్రం. బొటనవేలు మాటిమాటికీ కెమెరాకి అడ్డం పడేది.

"వేలు తియ్యవే! జనం మిషను చూడాలా, నీ వేలు చూడాలా?"

అదీ వీడియోలో పడేది. ఆయన తీసెయ్యకుండా అలాగే నెట్‌లో పెట్టేవాడు. ఏ వీడియోలోనైనా కనబడకపోతే, "ఇవాళ పిన్నిగారి వేలు రాలేదేం?" అని చూసేవాళ్లు కింద రాసేవాళ్లు.

ఫోన్ నిండిపోయినప్పుడల్లా పెట్టేసినవాటిని ఫోన్లోంచి చెరిపేసేవాడు. "అక్కడున్నాయిగా, ఎక్కడికి పోతాయి?" అనేవాడు.

ఆయనే పోయాడు. ఆసుపత్రిలో మూడు రోజులు ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని, నాలుగో రోజు పొద్దున.

మళ్లీ ఆ గొంతు వినే ధైర్యం కూడగట్టుకోవడానికి ఆవిడకి రెండు నెలలు పట్టింది. మరిదిని పిలిచి వెతకమంది. ఒక్కటీ లేదు. ప్రతి వీడియో చోటా ఒక నల్లటి చదరం. దాని మీద "హక్కుదారు ఫిర్యాదు మేరకు తొలగించాం" అని.

"హక్కుదారంటే ఎవరయ్యా? మీ అన్నయ్యే కదా?"

మరిది ఇంకా వెతికాడు. వేరెవరి పేరు మీదో అవే వీడియోలు దొరికాయి. ఆ చేతులు ఆయనవే. గోళ్లలో అదే మసి, చూపుడువేలి మీద సూది దిగిన మచ్చ, మూలగా ఆవిడ బొటనవేలు కూడా. గొంతు మాత్రం ఎవరిదో. నున్నగా, కాగితం చూసి చదువుతున్నట్టు.

ఇద్దరూ ప్లీడరమ్మ దగ్గరికి వెళ్లారు. నెల తిరిగేసరికి ప్లీడరమ్మ సంగతంతా కనుక్కుంది.

"మీవి ఎత్తుకుపోయి, మీవాళ్లే తనవి ఎత్తుకున్నారని వాడు ముందుగా ఫిర్యాదు పెట్టాడమ్మా. పది రోజుల్లో జవాబివ్వమని ఆ వీడియోల కంపెనీ వాళ్లు మీ ఆయనకి మెయిల్ పంపారు. జవాబు రాలేదు."

"ఎలా వస్తుందమ్మా? అప్పటికి ఆయన పోయి వారమైంది." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంత పెద్ద అంగడి పెట్టుకున్నవాళ్లు ఎవరి సరుకు ఎవరిదో చూసుకోవద్దా?"

"చట్టం అలా ఉంది. జనం ఏం పెట్టినా ముందుగా కంపెనీకి పూచీ లేదు. ఫలానాది దొంగసొత్తని ఎవరైనా చెప్పాక కూడా ఉంచితే, అప్పుడు తప్పు వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. అందుకే చెప్పడం ఆలస్యం, తీసేస్తారు."

"పోనీ, తిరిగి పెట్టమనండి."

ప్లీడరమ్మ కళ్లజోడు తీసింది. "అడిగానమ్మా. గడువు దాటిందని పూర్తిగా చెరిపేశారట. వాడివి మాత్రం తీయించగలం. ఇంతకీ ఈ వీడియోలు తీసిందెవరు?"

"నేనే. అదిగో నా వేలు."

"ఇంకేం కావాలి? హక్కు మీదే. ఇక్కడ సంతకం పెట్టండి."

మరిది అడ్డొచ్చాడు. "ఆగు వదినా. అవి పోకముందే మనమో కాపీ తీసుకుందాం. ఆ వెధవ గొంతు తీసేసి, అన్నయ్య చేతులైనా దాచుకుందాం."

ఆవిడ కాగితం దగ్గరికి లాక్కుంది.

"మాట్లాడని మనిషిని మూడు రోజులు చూశానయ్యా. చాలు."

అక్షరం అక్షరం దిద్దినట్టుగా సంతకం పెట్టింది.

వారం తిరక్కుండానే మరిది పరుగున వచ్చాడు. "తీసేశారు వదినా! ఈసారి హక్కుదారువి నువ్వే!"

ఆవిడ ఫోన్ చేతిలోకి తీసుకుంది. నల్లటి చదరం. దాని మీద అదే మాట. ఆయనవి పోయినప్పుడు కనబడ్డ చదరానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఆవిడ బొటనవేలు ఆ తెరకి అడ్డంగా ఉండిపోయింది.

తియ్యమని కసిరేవాళ్లు లేరు.