శవాల బండిలో పళ్ళ డాక్టర్ దగ్గరికి

పళ్ళ డాక్టర్ దగ్గరికి జనం ఆటోలో వెళ్తారు, బైక్ మీద వెళ్తారు. నేను మొన్న శవాల బండిలో వెళ్ళాను. అదీ వెనకాల పడుకుని. నవ్వకండి, చెప్తాను వినండి.

నాకు కింది దవడలో కుడివైపు పళ్ళు పోయి చాలా కాలమైంది. మా ఆవిడ సుగుణ నర్సు. నేను రోజూ ఒకే వైపు నమలడం చూసి చూసి విసిగిపోయి, బెంగళూరు కె.ఆర్.పురంలో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్ళింది. ఇంప్లాంట్ అంటే ఏదో పన్ను అతికిస్తారనుకున్నాను. చిగుళ్ళు కోసి, ఎముకలో డ్రిల్ పెట్టి, స్క్రూలు బిగించి కుట్లేశారు. గోడకి షెల్ఫ్ కొట్టినట్టే.

డాక్టరమ్మది చిన్న వయసే గానీ మాట మాత్రం ఖచ్చితం.

"ఉమ్మకూడదు. స్ట్రాతో తాగకూడదు. వేడివి వద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, మాట్లాడకండి. కుట్లు ఊడి ఇన్ఫెక్షన్ వచ్చిందంటే స్క్రూ తీసేసి మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి."

మర్నాటికి ముఖం ఒక వైపు బన్నులా పొంగింది. అద్దంలో చూసుకుంటే సగం నేను, సగం ఇంకెవరో. ఆ పొద్దునే ఫోన్ వచ్చింది. డానియేల్ అంకుల్ పోయారు.

ఆయన గురించి మీకు చెప్పాలి. టీచర్ ఉద్యోగం వచ్చి నేను గుంటూరు నుంచి ఈ ఊళ్ళో దిగినప్పుడు నాకిక్కడ ఒక్కరూ తెలీదు. మొదటి ఆదివారం చర్చి బయట వాన తగ్గితే బాగుండని నిలబడి ఉంటే, "ఏ ఊరప్పా మీది?" అని అడిగి, గొడుగు పట్టి ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టించారు. గది దొరికేదాకా వాళ్ళ హాల్లోనే పడుకున్నాను. నా పెళ్ళిలో మా నాన్న ఉండాల్సిన చోట నిలబడింది కూడా ఆయనే. అలాంటి మనిషి పోతే బుగ్గ వాచిందని ఇంట్లో ఎలా కూర్చుంటాను?

"వెళ్ళండి, వద్దనను," అంది సుగుణ. "వెనకాల నిలబడి వచ్చేయండి. నోరు మాత్రం తెరవకండి. డ్యూటీ లేకపోతే నేనే పక్కన ఉండేదాన్ని."

చల్లటి పాలు సగం గ్లాసు తాగి, నొప్పి మాత్ర వేసుకుని, తెల్లచొక్కా తొడుక్కుని సమాధుల తోటకి వెళ్ళాను.

వెనకాలే నిలబడ్డాను. కానీ ఎండకి దవడ సలపడం మొదలుపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పక్కన ఎవరో గుసగుసగా అన్నారు, "ఏడ్చి ఏడ్చి మొహం ఎలా వాచిపోయిందో చూడండి, పాపం." అంతే, ఒక్కొక్కరే వచ్చి ఓదార్చడం మొదలుపెట్టారు. ఒక పెద్దాయన నా రెండు బుగ్గలూ అరచేతుల్తో పట్టుకుని దగ్గరికి తీసుకున్నారు. నాకు చుక్కలు కనబడ్డాయి. ఇంకా ఏడ్చాను. ఆయన ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

ఆఖరికి రూతమ్మ ఆంటీ, అంటే అంకుల్ భార్య, తనే లేచి నా దగ్గరికి వచ్చింది. "ఊరుకోప్పా. ఆయన కష్టం లేకుండానే పోయినాడు," అని నా భుజం నిమిరింది. భర్తని పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదారుస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఇది పంటి నొప్పి ఆంటీ అని చెప్పడానికి నోరు లేదు. ఉన్నా చెప్పేవాణ్ణా అంటే, ఏమో.

అప్పుడు పాస్టర్ గారు మైక్‌లో అన్నారు. "బ్రదర్ ప్రభాకర్ వచ్చి రెండు మాటలు చెప్తారు."

చర్చిలో ఏ కార్యక్రమానికైనా మాట్లాడేది నేనే. ఈసారి మాత్రం చెయ్యి అడ్డంగా ఊపాను. నోరు చూపించాను. "దుఃఖంలో ఉన్నారు, మాట రావట్లేదు. అయినా రెండు మాటలు," అన్నారాయన. నిజానికి అప్పుడైనా తప్పించుకోవచ్చు. కానీ పెట్టెలో అంకుల్ ముఖం కనిపించింది. ఈయన గురించి ఒక్క మాట చెప్పకుండా ఇంటికెళ్తే నన్ను నేను క్షమించుకోలేననిపించింది. మైక్ తీసుకున్నాను.

'అంకుల్ నాకు తండ్రి లాంటివారు' అందామని నా ప్రయత్నం. బుగ్గలో గాజుగుడ్డ, మొద్దుబారిన పెదవి. "అంకుల్ నాకు తొందర లాంతివారు" అని వచ్చింది. బెంగళూరులో తొందర అంటే హడావిడి కాదు. కన్నడంలో ఇబ్బంది, పీడ. తలలు వంచుకున్న వాళ్ళంతా ఒక్కసారి తలెత్తారు. సరిచేద్దామని మళ్ళీ అన్నాను. ఈసారి ఇంకా స్పష్టంగా 'తొందర' అనే వచ్చింది. దాంతో పాటు కుట్టు పుటుక్కుమంది.

నోట్లో ఉప్పగా తగిలింది. ఉమ్మకూడదు కదా, మింగాను. ఇంకా వస్తోంది, ఇంకా మింగాను. పెదవి చివర్నుంచి జారింది మాత్రం తెల్లచొక్కా మీద పడింది. మైక్ ఇచ్చేసి మట్టి వేసేవాళ్ళ వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చింది, గుప్పెడు మట్టి తీసుకుని వంగాను. ఖాళీ కడుపు, మాత్ర, మింగిన రక్తం, ఎండ. అంతవరకే గుర్తుంది.

సగం గుంటలోనూ సగం బయటా ఉన్నానట. అంకుల్ తమ్ముడు నా బెల్టు పట్టుకుని లాగాడట. లేకపోతే ఆయనతో పాటే నేనూ.

కళ్ళు తెరిచేసరికి నీడలో ఉన్నాను. బుక్ చేసిన ఆటోలు వరసగా క్యాన్సిల్ అవుతున్నాయి. అంకుల్‌ని తెచ్చిన బండి ఖాళీగా గేటు దగ్గరే ఉంది. డ్రైవర్ వచ్చి నన్ను చూశాడు.

"కూచుంటే మళ్ళా పడిపోతావు. యెనక పండుకోప్పా, నిదానంగా తీసుకుపోతా."

నిదానంగానే తీసుకెళ్ళాడు. అలవాటు మరి. కింద ఇంకా పూలరేకులున్నాయి. ఓల్డ్ మద్రాస్ రోడ్ మీద సిగ్నల్ దగ్గర ఆగాం. పక్కన స్కూటర్ మీద ఒకాయన బండిని చూసి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తలవంచాడు. సరిగ్గా అప్పుడే నేను మూతి తుడుచుకుందామని లేచాను. రెడ్ సిగ్నల్‌లో ఆయన అలా దూసుకుపోతాడని నేననుకోలేదు.

క్లినిక్ అద్దాల తలుపు ముందు బండి ఆగింది. వెనక తలుపు తెరుచుకుని, రక్తపు చొక్కాతో, జుట్టులో బంతిరేకులతో నేను దిగాను. లోపల బుగ్గ పట్టుకుని కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. "నొప్పి తగ్గిపోయిందండీ," అని రిసెప్షన్‌లో చెప్పి వెళ్ళిపోయింది.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీస్తున్నంతసేపూ స్క్రూ కదిలిందేమోనని వణికిపోయాను. కదల్లేదు. మళ్ళీ కుట్లేసింది.

"మాట్లాడొద్దన్నానా లేదా?"

"రెండు మాతలే..."

"మాట్లాడకండి."

వాపు తగ్గాక రూతమ్మ ఆంటీ రాగి గంజి పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సంగతంతా సుగుణ చెప్పింది. నేను తలెత్తలేదు. కార్యక్రమం పాడుచేశాను, క్షమించమన్నాను. ఆంటీ నవ్వింది. ఆయన పోయాక మొదటిసారి నవ్వినట్టుంది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పాడేమీ కాలేదప్పా. ప్రభాకర్ చేతికి మైక్ పోతే బిర్యానీ చల్లారిపోతాదని ఆయన ఎప్పుడూ చెప్తా ఉండె. ఆ పొద్దు మట్టి అయినాక అందరూ వేడివేడిగా తినినారు."

ఇన్నేళ్ళుగా నేను మాట్లాడుతుంటే జనం కళ్ళు మూసుకునేది భక్తితో అనుకుంటూ వచ్చాను.