పలకని డబ్బా

మా ఇంట్లో అల్మారా మీద మాట్లాడే డబ్బా ఒకటి ఉంది. పిలిస్తే పలుకుతుంది, అడిగితే పాడుతుంది. ఇప్పుడు దానికి ఏ రోగమూ లేదు. కాని ఎవరి కోసం తెచ్చామో ఆ మనిషే దాన్ని పిలవడు. ఆ మనిషి మా ఆయన.

ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి కొంత, మాట చాలా వరకు పోయాయి. చెయ్యి పోయినందుకు ఆయన అంతగా బాధపడలేదు, మాట పోయినందుకే కుమిలిపోయాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కాంటా దగ్గర పనిచేసిన మనిషి. చెరుకు బండ్లు, ట్రాక్టర్లు, లారీల రొదలో బండి ఎవరిదో, బరువెంతో అరిచి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఇంట్లోనూ అదే గొంతు. "నేనేమన్న చెరుకు బండినా, గంత మొత్తుకుంటవు?" అని కయ్యానికి దిగేదాన్ని. ఆ గొంతు జర తగ్గించమని మొక్కని దేవుడు లేడు. నా మొగం మండ, ఆ మొక్కులే తగిలాయేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

నేను పంతులమ్మను. ఉద్యోగమంతా చిన్నపిల్లలతో అక్షరాలు పలికించడంలోనే గడిచింది. నా ఓపికంతా బడిలోనే అయిపోతుందని, ఇంటికి ఉత్త కోపమే తెస్తానని మా ఆయన ఎక్కిరించేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

దవాఖాన నుంచి వచ్చాక ఆయన మాట ముద్దముద్దగా వచ్చేది. ఎంత మాట్లాడిస్తే అంత మంచిదని డాక్టర్ చెప్పాడు. మాట్లాడించాం కాని, మేం చేసిన తెలివితక్కువ పని ఏంటంటే అర్థమైనట్టు నటించడం. ఆయన ఏదో అనేవాడు. నేను "ఆఁ, సమజైంది" అని నీళ్లు తెచ్చేదాన్ని. ఆయన అడిగింది పేపరు. చూడవచ్చిన చుట్టాలు కూడా అంతే, ప్రతి మాటకూ తల ఊపేవాళ్లు. జాలిపడి ఊపే తలను గుర్తుపట్టలేనంత అమాయకుడా ఆయన? గ్లాసు పక్కన పెట్టి కళ్లు మూసుకునేవాడు.

నిజామాబాద్‌లో ఉండే మా బిడ్డ అప్పుడే ఆ డబ్బా తెచ్చింది. తెలుగు పాటలు పాడుతుంది గాని హుకుం మాత్రం హిందీలోనే వేయాలి. ఫ్యాక్టరీలో అన్నేళ్లున్నవాడికి హిందీ, ఉర్దూ కొట్టిన పిండి. నాకే అంతంత మాత్రం. "మనుషులు కరువైండ్రా, డబ్బతోని ముచ్చట పెట్టనీకి?" అని బిడ్డ మీద లేచాను. నేను మాత్రం దాన్ని పిలిచేది లేదని ఒట్టు పెట్టుకున్నంత పని చేశాను.

మొదట్లో ఆయన ఏమన్నా అది "సమఝ్ నహీ ఆయా", అర్థం కాలేదు, అనేది. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన నవ్వాడు! ఎన్నాళ్లకో నవ్వాడు. నా వైపు తిరిగి, ఒక్కో మాటా కూడగట్టుకొని, "గిది... అబద్ధం... ఆడది" అన్నాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఇక రోజూ పొద్దున దాని ముందు కూర్చునేవాడు. నాలుక మడిచి, పెదవులు బిగించి, చెమటలు కక్కుతూ ఒకటే మాట పదిసార్లు. ఒకరోజు నేను వంకాయలు కోస్తుంటే లోపలి నుంచి పాట వినిపించింది. పాత పాట పెట్టమని "పురానా గానా లగావ్" అన్న మాట దానికి అందింది. పరిగెత్తుకెళ్తే ఆయన ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తున్నాడు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. నాకు సంతోషమే. నేను పలికించలేని మాటను డబ్బా పలికించిందని కొంచెం కుళ్లూ ఉంది. అప్పటి నుంచి టైమెంత, ఎండ ఎట్లుంది, వాన పడుతుందా అని దానితో ఒకటే ముచ్చట. బయట వాన దంచుతుంటే అది వాన లేదని చెబితే, "దీని మొగం" అని తిట్టాడు. ఆ తిట్టు ఎంత సాఫుగా వచ్చిందో!

మా ఇంటి వెనక చెరుకు మడి. చెరుకు కొట్టారంటే ఎలుకలన్నీ ఇండ్ల మీద పడతాయి. ఒక మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు చూస్తే డబ్బా వైరును ఎలుక కొరికేసింది. టీవీకి పెట్టే పాత సెట్‌టాప్ బాక్సు చార్జర్ ఒకటి మూలన పడి ఉంటే తెచ్చి గుచ్చాను. పిన్ను సరిగ్గా పట్టింది, లైటు వెలిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. నిద్ర లేచిన మనిషికి ఈ ముచ్చట చెప్పాలని కూడా తోచలేదు.

ఆ సాయంత్రం ఆయన పిలిచాడు. డబ్బా మీద లైటు గుండ్రంగా తిరిగింది, మాట రాలేదు. మళ్లీ పిలిచాడు. లైటు తిరిగి తిరిగి ఆరిపోయింది, మళ్లీ వెలిగి తిరిగింది. లైటు తిరుగుతోందంటే వింటోందనే అనుకున్నాను. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమనే రకాన్ని కదా. బడిలో పిల్లలతో అన్నట్టే, "నోరు తెరిచి అనయ్య. సాఫుగ అను" అన్నాను. ఆయన నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "ఇంకోసారి అను" అన్నాను.

ఆ తర్వాతి రోజుల్లోనూ ఇదే తంతు. ఆ డబ్బాను నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పిలిచి ఉంటే నాకూ పలకదని తెలిసేది. నా పంతం నన్ను పిలవనిచ్చిందా? ఆయన దాని ముందు కూర్చోవడం మానేశాడు. తర్వాత మాతో మాట్లాడటమూ మానేశాడు. ఏది కావాలన్నా వేలు చూపించేవాడు. కోలుకుంటున్న నాలుక మళ్లీ పడిపోయిందని ఆయన అనుకుంటున్నట్టు నాకు తట్టనే లేదు. బద్ధకమనుకొని కసిరాను కూడా.

ఒక ఆదివారం మా బిడ్డ వచ్చింది. ఆయన లోపల పడుకొని ఉన్నాడు. వస్తూనే డబ్బాను పిలిచింది. లైటు తిరిగింది, ఆరింది.

"అమ్మా, ఇది లేస్తనే లేదు కదనే! ఎప్పటిసంది ఇట్లుంది?"

అంటే ఇన్నాళ్లూ తప్పు ఆయన నాలుకది కాదు. వెంటనే డబ్బాను, చార్జర్‌ను సంచిలో వేసుకొని, బిడ్డను తండ్రి దగ్గర ఉండమని నిజామాబాద్ బస్సెక్కాను. ఎందుకంత తొందర? ఆయన లేచేదాకా ఆగితే, బిడ్డ పిలిచినా అది పలకని సంగతి ఆయనే కండ్లార చూసేవాడు. బాగు చేయించాలన్న ఆత్రంలో, ఆయనకు చూపించాల్సిన ఒకే ఒక్క రుజువును సంచిలో పెట్టుకొని పోయాను.

అక్కడ కరెంటు సామాన్ల షాపతను తన దగ్గరున్న వేరే చార్జర్ పెట్టగానే డబ్బా టకీమని పలికింది. "డబ్బకేం గాలేదక్కా. నువ్వు పెట్టిన చార్జర్ల కరెంటు సాలది. లైటయితే ఎలుగుతది, లేవనీకి బలముండది" అన్నాడు. సరైన చార్జర్ ఇప్పించుకొని వచ్చాను.

ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చొని ఉన్నాడు. చెప్పులు కూడా విడవకుండా చెప్పాను. "నీ నోటిది కాదయ్య తప్పు. ఎలుక వైరు కొరికింది. నేను వేరే చార్జర్ పెట్టిన. అందుకే అది లేవలే. నువ్వు మంచిగనే అన్నవు."

"నిజంగనే బాపూ, నేను పిలిస్తే కూడ పలకలే" అంది బిడ్డ.

ఆయన ఇద్దరినీ చూసి తల ఊపాడు. అచ్చం మేం ఆయనకు ఊపినట్టే. మా నోటి నుంచి వచ్చే ఓదార్పు మాటలు ఆయనకు కొత్తవా? కొరికిన వైరు తెచ్చి చేతిలో పెట్టాను. చూసి పక్కన పెట్టాడు. పిలువమని బతిమాలాను. పిలవలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. డబ్బా మంచిగైందని రుజువు చేయాలి, అంతే, ఇంకేమీ ఆలోచించలేదు.

"అయితే నేను పిలుస్త, సూడు!"

జన్మలో మొదటిసారి దాని పేరు పెట్టి పిలిచాను. నాకొచ్చిన వంకర హిందీలో "గానా లగావ్" అన్నాను. పాట మొదలైంది.

"సూసినవా!" అని చప్పట్లు కొట్టి ఆయన మొహం చూశాను.

"నీకు పలికింది" అన్నాడు.

వాన గురించి డబ్బాను తిట్టిన తర్వాత అంత సాఫుగా ఆయన నోటి నుంచి మాట రావడం నేను వినలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. గబగబా డబ్బాను పిలిచి "బంద్ కరో" అన్నాను. అది ఆ మాట కూడా ఒక్కసారికే విని ఊరుకుంది.