బండ చూసి విడిచిన బాణం

తెలంగాణ వచ్చిన ఏడాదే నా పెళ్లయింది. రెండూ ఆలస్యంగానే జరిగాయని మా మామ అనేవాడు. అత్తగారి ఊరు పాలమూరు గుట్టల పక్కన. వాళ్లకు గొర్రెలున్నాయి. కట్టంగూర్ దగ్గర మాకూ తాతల కాలం దాకా ఉండేవి. తర్వాత మా ఇంట్లో డిగ్రీలు మొదలయ్యాయి.

ఉగాది తెల్లారి ఆ ఇంటి మగవాళ్లు విల్లు పట్టుకుని కుందేళ్లకు పోతారు. కొత్త అల్లుడున్న ఏడు మొదటి బాణం అతనిదే. కుందేలును కొట్టడం నేరమని నాకు తెలుసు. కాలేజీలో పౌరశాస్త్రం చెప్పేది నేనే. ఆ రోజు సెలవు కాబట్టి ఆ సంగతి ఎత్తలేదు.

పొద్దున్నే వాకిట్లో మామ వెదురు విల్లు నా చేతికిచ్చాడు.

“అల్లుడా, చెవులపిల్లి దొరకకున్నా ఫికర్ లేదు. బాణం పోవద్దు. ఇనుప మొన కొట్టేటోడు గిప్పుడు ఊర్ల లేడు. ఎనక బండ ఉన్నప్పుడే ఇడువు. తప్పినా ఆడనే పడుతది.”

“గట్లనే మామా.”

“బావా, ముందుగాల తాడు నీ దిక్కు మలుపుకో,” అన్నాడు బామ్మర్ది.

బామ్మర్ది కుక్కతో తంగేడు పొదల అవతలి నుంచి కుందేలును తరుముకొస్తాడు. మామ ఒక సందు కాస్తానని గొంగడి భుజాన వేసుకుని వెళ్లాడు. కాయడమంటే ఏం చేస్తారని నేను అడగలేదు. ప్రశ్నలు అడగరని క్లాసులో పిల్లల్ని తిట్టేవాణ్ణి.

కాసేపటికి కుందేలు వచ్చింది. నన్ను చూసి పెద్దగా భయపడినట్టు లేదు. దాని వెనక బండ లేదు కాబట్టి ఆగాను. అది నాలుగు గెంతులు వేసి మళ్లీ కూర్చుంది. ఈసారి వెనక నల్లటి బండ, నడుమెత్తు, గుండ్రంగా. విడిచాను.

కుందేలు పక్కకు దూకి మాయమైంది. బాణం బండలో దిగి నిలబడింది. రాతిలో బాణం దిగదు కదా అనుకునేలోపే బండ “ఓయమ్మో” అని పక్కకు ఒరిగింది.

విల్లు పారేసి పరుగెత్తాను. ఆ కొద్ది దూరంలోనే మా ఆవిడకు ఏమని చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఒక్కటీ బాగాలేదు.

“మామా! మామా!”

గొంగడి అంచు పట్టుకున్నాను. లోపలి నుంచి మెల్లగా, “జర ఆగు. సూసుకుంటున్న,” అని వినిపించింది.

బామ్మర్ది ఉరికొచ్చి గొంగడి తీశాడు. భుజం మీద అది నాలుగు మడతలుంది. మూడింటిని బాణం దాటింది, నాలుగోది ఆపింది. కింద భుజం మీద దోమ కుట్టినంత ఎర్రమచ్చ. నేను ముళ్లా రాళ్లా చూడకుండా అక్కడే కూలబడ్డాను. అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు. నా చేతుల్లో బలం లేదని మా అమ్మకు చిన్నప్పటి నుంచీ దిగులు. నాకైతే ఆ దిగులు ఆ రోజుతో పోయింది.

సందు కాయడమంటే, గొంగడి ముసుగేసుకుని కదలకుండా కూర్చోవడమట. చప్పుడు దగ్గరకు రాగానే లేచి అరిచి, కుందేలును వెనక్కి మళ్లించాలట.

“మొదటి బాణం ఇంటిపెద్దకే ఏస్తివి. రెండోది నాకేనా బావా?” అన్నాడు బామ్మర్ది.

“బండ అనుకున్న,” అన్నాను.

“వాన్నేమనకురా. ఎనక బండ సూసి ఇడువుమన్నది నేనే గద. చెప్పినట్ల ఇన్నడు,” అన్నాడు మామ. బాణం పీకి, మొన మీద వేలు రాసి చూసుకున్నాడు. “వంగలే. బాణం పోలే.”

అత్త అప్పటికే మసాలా నూరి పెట్టింది. అందులో కోడిగుడ్లు వేసుకుని తిన్నాం. గొంగడికి చిల్లులెట్ల పడ్డాయని ఆమె అడిగితే, రేగుముల్లు తగిలిందన్నాడు మామ. ఎంత పెద్ద ముల్లో అని ఆమె నా వైపు చూసింది.

మళ్లీ ఆ విల్లును ఎవరూ దించలేదు. చలికాలంలో నేను వెళ్తే మామ ఇప్పటికీ అదే గొంగడి కప్పుకుని అరుగు మీద ముడుచుకుని కూర్చుంటాడు. నేను వాకిట్లోనే ఆగి “మామా” అంటాను. “ఆఁ, బండనే, రా,” అని జవాబొచ్చాకే లోపలికి పోతాను.