సువార్తమ్మ డబ్బా మోత

ఆదివారం సాయంత్రం నర్సీపట్నం బస్టాండులో దోనె నడిపే సన్నిబాబు ఎదురై, "మేస్టారూ, మన సువార్తమ్మ ఎల్లిపోనాది" అన్నాడు. చేతిలో టీ తాగకుండానే బల్ల మీద పెట్టేశాను. మరణం ప్రకృతిధర్మమని ఏళ్ల తరబడి వేదికలెక్కి చెబుతున్నవాణ్ణి. ఆ ధర్మం ఆ సాయంత్రం నాకు అక్కరకు రాలేదు.

సువార్తమ్మ పేరు పత్రికల్లో పడినది కాదు. గొలుగొండ వైపు, కొండల నడుమ నీరు నిలిచే ఒక ఆవ ఉంది. దాని ఒడ్డున కొద్దిపాటి ఇళ్లు. తాటిమాను తొలిచిన దోనెల మీద వెళ్లి చేపలు పడతారు, చాపలకు తుంగ కోసుకొస్తారు. మాఘమాసపు వేకువన ఆవ మీద మంచు గోడ కట్టినట్టు నిలుస్తుంది. అది ఉన్నంతసేపూ సువార్తమ్మ ఒడ్డున నిలబడి కిరసనాయిలు డబ్బాను గరిటెతో మోదుతూ ఉండేది. ఆమె భర్త దానియేలు అలాంటి మంచులోనే మునిగి చనిపోయాడు. "మొగుడి ఆత్మని పిలుత్తంది" అని ఊరు నమ్మింది. పాస్టరు మందలించాడు, భూతవైద్యుడు మెచ్చుకున్నాడు. ఆమె ఎవరికీ బదులు చెప్పలేదు.

ఎమర్జెన్సీకి ముందరి మాట. మూఢనమ్మకాల మీద ఉపన్యసించడానికి ఆ ఊరు వెళ్లినప్పుడు ఈ సంగతి చెప్పారు. నాకు ఒళ్లు మండింది. "చచ్చినవాడికి చెవులుండవు! తరతరాలుగా మనల్ని చీకట్లో ఉంచింది ఈ డబ్బా మోతలే!" అని గర్జించాను. జనం చప్పట్లు కొట్టారు. వెనక ఒక నెరిసిన తల వంగింది. అది నా గెలుపనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అవతలి ఒడ్డున బస్సు అందుకుందామని సన్నిబాబు దోనె ఎక్కాను. సగం దూరంలో మంచు కమ్మేసింది. ముందు కొండ పోయింది, తర్వాత దోనె నెట్టే గెడ కొస పోయింది, చివరకు సన్నిబాబు గొంతు ఒక్కటే మిగిలింది.

"ఒడ్డు ఎటు సన్నిబాబూ?"

"డబ్బా మోగితే గదండీ తెలిసీది! నిన్న తమరి మీటింగు గట్టిగా పనిసేసింది."

నీళ్లలో పాతిన విరిగిన వెదురుగుంజ ఒకటి దోనెకు తగిలింది. కాసేపటికి మళ్లీ అదే తగిలింది. మూడోసారి తగిలాక సన్నిబాబు పరాచికాలు మానేశాడు. దోనెలో చీలమండల దాకా నీరు. నాకు ఈత రాదు. దానియేలు కూడా ఇలాగే తిరిగి ఉంటాడనిపించింది.

అప్పుడు ఎడమవైపు నుంచి వినబడింది, టంగు, టంగు, టంగు.

ఆ మోత పట్టుకుని తిరిగి ఊరి ఒడ్డుకే చేరేసరికి సువార్తమ్మ రొప్పుతూ నిలబడి ఉంది.

"నువ్వొద్దన్నావని మానీసాను మేస్టారూ. సన్నిగాడి దోనెలో ఎల్లావని ఇన్నాక కాళ్లు నిలబడ్నేదు."

"ఆత్మను పిలవడానికి కాదా కొట్టేది?"

"సచ్చినోడు రాడని నాకు తెల్దేటి బాబూ! ఆయన ఒడ్డుకి పది బారల్లోనే మునిగిపోనాడు. ఒక్కలు డబ్బా కొట్టుంటే వచ్చీసీవోడు. బతికున్నోళ్లు రావాల గదా."

"మరి ఊరికి చెప్పలేదేం?"

"ఎవులడిగారు? నువ్వడిగావేటి?"

ప్రశ్నించండి అని ఊరూరా చాటినవాణ్ణి, ఆమెను ఒక్క ప్రశ్న అడగకుండానే తీర్పు చెప్పాను. నా జీవితంలో నేను ఓడిన వాదం అదొక్కటే. ఓడి బతికాను.

ఆ తర్వాత ఏటా మాఘంలో వెళ్లేవాణ్ణి. "ఒచ్చిందర్రా మేస్టారి ఆత్మ, గంజెట్టండి" అని నవ్వేది. ఒకటి గమనించాను. దోనెలన్నీ వచ్చేశాక కూడా ఆమె మరికాసేపు కొట్టేది. ఎందుకని ఈసారి అడిగాను. ఆవ వైపే చూస్తూ, "సెయ్యి ఆగదు బాబూ" అంది.

సోమవారం వేకువన సన్నిబాబుతో ఆ ఊరు చేరాను. ఆవ మీద మంచు ఉంది. సమాధి చేయడానికి ఇంకా పొద్దుంది. ఆమెకు నివాళి ఇవ్వడానికి నా దగ్గర మంత్రం లేదు, ప్రార్థన లేదు. ఆమె చూరుకు డబ్బా వేలాడుతోంది. ఆ ఊళ్లో ఇక దాన్ని దించేవారెవరూ లేరు. నేనే దించాను.

రెండు దెబ్బలు వేశానో లేదో సన్నిబాబు పరుగున వచ్చాడు.

"ఇయ్యాల ఎవులూ ఎల్లనేదు మేస్టారూ! దోనెలన్నీ ఒడ్డునే బోర్లించున్నాయి."

"తెలుసు" అన్నాను.

ఎండ వచ్చేదాకా నా చెయ్యి ఆగలేదు.