నీలం పట్టా కింద బీరపాదు

కువైట్ శుక్రవారం సంతలో ఆరు దినార్లు చెప్పిన ప్లాస్టిక్ పట్టాని రెండున్నరకి దింపిన మనిషిని నేను. తణుకులో మా నాన్నగారి కిరాణా కొట్లో పెరిగినవాడికి అదొక పెద్ద విద్య కాదు. అమ్మినతను "ఖలాస్ భాయ్, లే జావ్" అని దణ్ణం పెట్టాక కూడా కట్టుకోడానికి తాడు ఉచితంగా లాక్కొచ్చాను. వెలుతురు దిగే అద్దంలాంటి పట్టా పక్కనే ఉంది గాని ఖరీదెక్కువ. నేను తెచ్చింది ముదురు నీలం.

మొన్న జనవరి చలిలో ఇక్కడి ఫింటాస్ పేట సూపర్ మార్కెట్టులో బీరకాయలు నిగనిగలాడుతూ కనబడితే, మా ఆవిడ ధరైనా చూడకుండా బండిలో వేసింది. పాతికేళ్ల కిందటి ఆ పట్టా గుర్తొచ్చి నేను అటు తిరిగి నవ్వుకున్నాను.

అప్పట్లో ఆవిడ వాళ్లమ్మగారి పెరటి బీరవిత్తనాలు పన్నెండు, ఖాళీ మందుసీసాలో పోసి తెచ్చుకుంది. మళ్లీ సెలవు రెండేళ్లకు గాని లేదు, అవి పోతే అంతే. ఇక్కడ వేసవిలో పాదు మాడిపోతుంది, చలికాలం రాత్రి కొంకర్లు పోతుంది, కాబట్టి ఎండ తగిలేలా ప్లాస్టిక్ కప్పి చలికాలంలోనే పెంచాలని, వఫ్రా తోటల్లో పనిచేసే కోనసీమ మిత్రుడొకరు చెప్పారు. నేను కప్పడం వరకే విన్నాను. మేడ మీద తొట్లలో ఆరు విత్తనాలు పెట్టించి, చలిగాలి చొరకుండా పగలూ రాత్రీ పట్టా బిగించేశాను. మూడు వారాలకి విప్పి చూస్తే మొలకలు దారప్పోగుల్లా సాగి, పాలిపోయి, వాలిపోయి ఉన్నాయి.

"దుప్పటి కప్పారేంటండీ వాటికి? పడుకున్నాయి," అంది ఆవిడ.

"వెచ్చగా ఉంది కదే."

"వెచ్చగానే ఉంది. చీకటిగా కూడా ఉంది."

మిగిలిన ఆరు విత్తనాలూ అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసి, లోపలికెళ్లి, కొత్త సోఫాకి కొట్టువాడు తొడిగిన అద్దంలాంటి దళసరి ప్లాస్టిక్ కవరుని కత్తెరతో కోసేసింది. మనవాళ్ల ఇళ్లన్నిట్లో లాగే, చుట్టాలొచ్చినా విప్పనివ్వని కవరది. దాన్ని పాత యాంటెన్నా కడ్డీల మీద పరిచి, పొద్దున ఒక అంచు ఎత్తి, పొద్దువాలగానే దించి, మూడు నెలలు ఒక్కరోజూ మానలేదు. తేనెటీగలు రావు గనక, సాయంత్రం విచ్చిన మగపువ్వు తుంచి ఆడపువ్వుకి తానే అద్దేది. కంపెనీ బస్సు దిగి నీళ్ల బకెట్లు మోయడమే నాకు మిగిలిన ఉద్యోగం.

ఇప్పుడు బీరకాయ ఏ నెలలోనైనా దొరుకుతుంది. దానికోసం ఎవరూ ఏదీ కోసుకోనక్కర్లేదు. సుఖమే, కాస్త వెలితి కూడాను. నిజంగా లెక్క చెప్పాలంటే, పట్టాకి రెండున్నర దినార్లు, నా చేతిలో పోయిన విత్తనాలు ఆరు, మరకలుపడి రెండేళ్లకే పాడైన సోఫా ఒకటి. వచ్చిన కాయలు నాలుగు. మూడు వండుకున్నాం. నాలుగోది నేను కోయబోతే చెయ్యి తోసేసి, విత్తనానికని తీగ మీదే ఎండనిచ్చింది.