హోలిస్ ట్రెడ్‌వే అభ్యంతరాలు

హోలిస్ ట్రెడ్‌వే బల్ల ముందు కూర్చున్నాడంటే పేక ముక్కలకన్నా ముందు అభ్యంతరం పడేది. కుర్చీ ఎత్తు మీద అభ్యంతరం. దీపం వెలుగు మీద అభ్యంతరం. చల్లగాలి అంతమందినీ వదిలేసి తన మెడనే వెతుక్కుంటూ వస్తోందని అభ్యంతరం. తలమీద టెక్సస్ టోపీ సర్దుకుని, పెద్ద అరచెయ్యి పైకెత్తి, "డొలోరెస్‌ని పిలవండి" అనేవాడు. లాస్ వేగాస్‌లోని సిల్వర్ మ్యూల్ కాసినో ఏటా జరిపే పోకర్ ఛాంపియన్‌షిప్‌లో తగవులు తీర్చే పని డొలోరెస్ బాకాది. ఆవిడ ఉద్యోగంలో సగం ఈ ఒక్క మనిషికే సరిపోయింది.

అసలు ఆ పోటీ పెరగడమే ఆయనకి పెద్ద అభ్యంతరం. మొదటి ఏడు ఒక్కటే బల్ల. టెక్సస్‌లో ఊరూరా తిరిగి ఆడిన మొనగాళ్లు, ఒకళ్ల అబద్ధాలు ఒకళ్లకి కంఠతా వచ్చినవాళ్లు, దాని చుట్టూ కూర్చున్నారు. చూడ్డానికొచ్చిన జనం కంటే కాఫీ తెచ్చేవాళ్లే ఎక్కువ. హోలిస్ లెక్కలో స్వర్ణయుగమంటే అదే. ఆ స్వర్ణయుగంలో కూడా కాఫీ చల్లారిందని ఆట ఆపించాడన్నది వేరే సంగతి.

తర్వాత కాసినో వాళ్లు చిన్న పోటీలు పెట్టారు. కాస్త డబ్బుతో అందులో ఆడి నెగ్గితే పెద్ద పోటీలో కుర్చీ దొరుకుతుంది. దాంతో బళ్లు బాగుచేసేవాళ్లూ, బీమా ఏజెంట్లూ అందరూ దిగిపోయారు.

"డొలోరెస్, నా పక్కన కూర్చున్నాయన ఏం చేస్తుంటాడో తెలుసా?"

"తెలుసండీ. పళ్ల డాక్టరు."

"నేనెప్పుడైనా వాళ్ల ఆసుపత్రికెళ్లి ఎవరి పన్నైనా పీకానా?"

"లేదండీ."

"మరి నా బల్ల దగ్గర ఆయనకేం పని?"

ఆ సాయంత్రం పళ్ల డాక్టరు హోలిస్‌నే పోటీలోంచి పీకి పారేశాడు. దాని మీద ఇంకో అభ్యంతరం.

ఆ తర్వాత టీవీ వాళ్లొచ్చారు. ఎవరి చేతిలో ఏ ముక్కలున్నాయో ప్రేక్షకులకి చూపించడానికి బల్ల అంచున బుల్లి కెమెరాలు బిగించారు. హోలిస్ డొలోరెస్ మీద మండిపడ్డాడు.

"నా ముక్కలు మా ఆవిడకే చూపించలేదు. దేశం మొత్తానికి చూపిస్తానా?"

"ఇప్పుడు కాదండీ. ఆటంతా అయ్యాక చూపిస్తారు."

"అయితే ఇంకా ఘోరం. నేను ఏ తెలివితక్కువ పని చేసి ఓడానో మా ఆవిడకి తెలిసిపోతుంది."

ఇంటర్నెట్ వచ్చాక చెప్పనే అక్కర్లేదు. ఇంట్లో పైజామాతో కూర్చుని ఆడి నెగ్గినవాళ్లంతా వేగాస్ మీద పడ్డారు. ఒక్క బల్లతో మొదలైన పోటీకి విమానాలు పట్టేంత హాలు చాల్లేదు. తిరనాళ్లలా ఉన్న ఆ హాల్లో ఎక్కణ్ణించి ఆ అరచెయ్యి లేస్తుందోనని డొలోరెస్ మెడ నొప్పెట్టేలా చూస్తుండేది.

అలాంటి ఒక ఏడు హోలిస్ చాలాదూరం నెగ్గుకొచ్చాడు. ఇంకొక్క మనిషి ఓడితే చాలు, మిగిలిన వాళ్లందరికీ బహుమతి ఖాయం. ఆటగాళ్లు ఇంతమందయ్యాక ఆయన ఒక్కసారీ అంతవరకు రాలేదు. ఆయన ముందు పందెం కాసే బిళ్ళలు కాసిన్నే ఉన్నాయి గానీ, పందేనికి పోకుండా నోరు మూసుకుని కూర్చుంటే గట్టెక్కినట్టే. ఆ నోరే డొలోరెస్ భయం.

అదే బల్ల దగ్గర మార్లిస్ హాగెన్ అనే ఆవిడ ఉంది. నార్త్ డకోటాలో ఒక స్కూల్లో వంట చేస్తుంది. చిన్న పోటీలో నెగ్గి వచ్చింది. ఎదురుగా ఉన్న నల్లకళ్లజోడు కుర్రాడు ఆవిడ దగ్గరున్న బిళ్ళలన్నిటికీ సరిపడా పందెం తోశాడు. మార్లిస్ చేతులు వణికాయి. కెమెరా మనిషి లైటు తెచ్చి ఆవిడ ముఖంలో పెట్టాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంతసేపు? గడువు పెట్టండి," అన్నాడు కుర్రాడు. అలా ఎవరడిగినా, డొలోరెస్ వచ్చి నిమిషం లెక్కపెట్టాలి. ఆలోగా తేల్చకపోతే ముక్కలు చెల్లవు. డొలోరెస్ రాగానే అరచెయ్యి లేచింది.

"ముందు నా సంగతి తేల్చు. ఈ కుర్చీ కుంటుతోంది."

"తర్వాత చూద్దాం హోలిస్ గారూ. ఆవిడ ఆట మధ్యలో ఉంది."

"నా నడుము కూడా మధ్యలోనే ఉంది. కూర్చుని చూడు." హోలిస్ డొలోరెస్ చెయ్యి పట్టుకుని వదల్లేదు, నిమిషం లెక్క మొదలే కాలేదు. రెండో చేత్తో టోపీ తీసి కెమెరాకి తగిలించాడు. "ఈ లైటేమిటి, నేనేమన్నా పెళ్లికొడుకునా?"

"బల్ల దగ్గర్నించి లేపెయ్యాల్సి వస్తుందండీ."

"లేపు. నిలబడితేనే నాకు గొంతు బాగా లేస్తుంది."

హాలంతా ఆయన్నే చూస్తోంది. ఆయన మాత్రం అరుస్తూనే ఓరకంట మార్లిస్‌ని చూస్తున్నాడు. ఆవిడ ముక్కలు బోర్లించి, నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుంది. చేతుల వణుకు ఆగింది. వెంటనే ఆయన గొంతు తగ్గింది. "సరేలే. కుర్చీ పర్వాలేదు," అన్నాడు.

మార్లిస్ తన బిళ్ళలన్నీ ముందుకు తోసింది. ఆవిడవి రెండు రాణులు. కుర్రాడివి వట్టి గొప్పలు. అతనికింకా నాలుగు బిళ్ళలు మిగిలాయి గనక పోటీలోనే ఉన్నాడు.

నియమం నియమమే. గొడవ చేసినందుకు డొలోరెస్ హోలిస్‌ని కాసేపు గోడవారకి పంపింది. ఆటలో లేకపోయినా వంతు వచ్చినప్పుడల్లా కట్టాల్సిన పందెం ఆయన బిళ్ళల్లోంచి పోతుంది. అలా అవి కరిగిపోయాయి. ఓడాల్సిన ఆ ఒక్క మనిషీ ఆయనే అయ్యాడు. హాలంతా కేరింతలు కొట్టింది.

డొలోరెస్ ఆయన దగ్గరికెళ్లింది.

"కావాలనే చేశారు కదూ?"

"ఏమిటి?"

"నేను ముక్కలు పంచడానికి కొత్తగా వచ్చిన రోజు చెయ్యి వణికి ముక్క తిరగబడింది. మీరు దీపం బాగాలేదని అరిచారు. అందరూ దీపం వైపే చూశారు. ఆ దీపానికేమీ కాలేదు."

"బాగాలేదు," అన్నాడు హోలిస్ కోపంగా. "ఈ కుర్చీ కూడా బాగాలేదు."

అంతలో మార్లిస్ విసవిసా వచ్చింది. "తగవులు తీర్చేది మీరేగా? నేను ఆలోచించుకుంటుంటే ఈయన కుర్చీ గోలేమిటండీ? మా స్కూల్లో ఇలా చేస్తే భోజనాల వరసలో చిట్టచివరికి పంపిస్తాను. ఈయన మీద కోపంలో నేను భయపడ్డమే మర్చిపోయాను."

డొలోరెస్ నోరు తెరిచింది. హోలిస్ ఒక్క చూపుతో మూయించాడు.

"ఆవిడ న్యాయం మాట్లాడుతోంది," అన్నాడు. "కానీ అమ్మా, మీరు మరీ మెత్తగా చెబుతున్నారు. ఇంకాస్త గట్టిగా అడగాలి."

"అడుగుతాను. నాకేం భయమా?"

డొలోరెస్‌కి నవ్వాగలేదు.

"చూశారా," అన్నాడు హోలిస్ మార్లిస్‌తో. "మనం ఇంత బాధతో చెబుతుంటే నవ్వుతోంది. ఈవిడ మీద ఎవరికి చెప్పుకోవాలి?"

"అదే నేనూ అడుగుతున్నా," అంది మార్లిస్. ఇద్దరూ కలిసి డొలోరెస్‌ని కోపంగా చూస్తూ నిలబడ్డారు.