రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్లకి, రెండోది పక్క సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే టీచరుకి. మన టీచరమ్మ కుడికాలు ఏళ్ల తరబడి ఆ రెండో బ్రేకు మీదే బతుకుతోంది. కూతురు చిట్టికి పల్లీలు పడవని, ఒక్క పలుకు నోట్లో పడినా గొంతు వాచి ఊపిరాడదని తెలిసిన రోజు నుంచి ఆ కాలికి ఇంట్లో కూడా విశ్రాంతి లేకుండా పోయింది. చిట్టి ఏది నోటి దాకా తెచ్చుకున్నా బల్ల కింద ఆ కాలు ధన్‌మని పడేది. అక్కడ టైలు పగిలింది. కింది వాటావాళ్లు కంగారుగా పైకొచ్చారు.

"ఏం లేదండీ, భోంచేస్తున్నాం," అన్నాడు ఆమె మొగుడు.

ఆమెకు ఒళ్లు మండించే మాట లోకంలో ఒకటే. ఏం కాదు. "కొంచెమేగా వదినా, ఏం కాదు," అంటుంది ఆడపడుచు. ఏమవుతుందో ఆసుపత్రి మంచం పక్కన నిలబడి చూసినది తాను.

ఈలోగా స్నేహితురాలి పుట్టినరోజుకి చిట్టికి పిలుపొచ్చింది.

"నువ్వు లోపలికి రావద్దమ్మా. నువ్వొస్తే అందరూ నా ప్లేటే చూస్తారు."

సరేనంది. మాటంటే మాటే, లోపలికి వెళ్లలేదు. ఊపిరాడకపోతే పొడిచే ఇంజెక్షను ఒకటి చిట్టి సంచిలో సర్ది, ఇంకోటి కారులో పెట్టుకుని, శిష్యుడైన పళ్ల డాక్టరు చేత ఆ ఇంటి చుట్టూ కారు తిప్పించడం మొదలుపెట్టింది.

"మళ్లీ ఎడమకేనా మేడమ్?"

"ఎడమకేనండీ. మీకు ఎడమ మలుపు కుదరట్లేదు."

పాపం, ఆయనకి బ్రహ్మాండంగా కుదురుతోంది.

కారు మళ్లీ గేటు ముందుకొచ్చేసరికి వాకిట్లో కుర్చీలు వేసి పిల్లల్ని కూర్చోబెట్టారు. ఆ ఇంటి పెద్దావిడ అందరికీ బిస్కెట్లు పంచుతోంది. చిట్టి చేతిలో బిస్కెట్టు నోటి వైపు లేచింది. టీచరమ్మ బ్రేకు తొక్కింది. డాక్టరుగారి కళ్లజోడు ఒళ్లో పడింది. వెనక స్కూటరువాడు తిట్లు లంకించుకున్నాడు. కారైతే ఆగింది గానీ పిల్ల చెయ్యి ఆగలేదు.

అప్పుడు కుర్చీ కింద, చిట్టి కుడికాలు ధన్‌మని నేలను తన్నింది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఇందులో పల్లీలున్నాయా?"

"ఏదో పిసరంత పొడి, ఏం కాదులే తల్లీ."

చిట్టి బిస్కెట్టు ఆవిడ చేతిలోనే పెట్టేసి, చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది.

టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. గెంతులేయాల్సిన కాలికి తనేం నేర్పిందో కళ్లారా చూసింది మరి.

డాక్టరు కళ్లజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు. "నాకింకా బ్రేకు రాలేదా మేడమ్?"

"మా అమ్మాయికి వచ్చేసిందండీ," అంది కళ్లు తుడుచుకుంటూ. "పోనివ్వండి."

ఆయన యాక్సిలరేటరు తొక్కాడు. ఇంజను మూలిగింది గానీ కారు కదల్లేదు. ఆయన మొహమాటంగా కిందికి చూశాడు.

"మేడమ్, మీరు కాలు తీయాలండీ."